ఏటేటా అల్లే వంతెన: ఇంకాల నేల మీద యాత్రికులు



ఈ సభలో మనం తలచుకుంటున్న మాస్టారు మాకు సాంఘిక శాస్త్రం చెప్పారు. పాఠంలో ఏ కోట వచ్చినా, ఏ చెరువు వచ్చినా కట్టించిన రాజు పేరు చెప్పి ఊరుకునేవారు కాదు. ఆ చెరువు తూము ఇప్పుడు ఎవరు తీస్తున్నారు, గండి పడితే ఎవరు మట్టి పోస్తున్నారు, కనుక్కుని రమ్మనేవారు. ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర మీద ఆయనకు అంత ప్రేమ ఉండటానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఆ పెద్దమనిషి గుళ్లూ తీర్థాలతో పాటు దారి ఎలా ఉంది, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉంది, అన్నీ రాసుకుంటూ పోయారు. తన పల్లకీ మోసిన బోయీలు కూడా ఆ పుస్తకంలో ఉన్నారు.

ఈ ఏడాది ఉపన్యాసానికి దక్షిణ అమెరికాలోని ఇంకాల వారసత్వాన్ని నేను ఎంచుకున్నప్పుడు కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. అంత దూరం విషయం ఎందుకన్నారు. ఆ నేల మీద తిరిగినన్నాళ్లూ నాకు మాస్టారి ప్రశ్నే గుర్తొచ్చింది. ప్రపంచంలో ఇంకాల గురించి అడిగినన్ని ప్రశ్నలు బహుశా మరే జాతి గురించీ అడిగి ఉండరు. అంత పెద్ద రాళ్లు ఎలా ఎత్తారు? కొండ మీద నగరాన్ని ఎందుకు వదిలేశారు? బంగారం ఎక్కడ దాచారు? వీటన్నిటిలోనూ ఇంకాలు చచ్చిపోయినవాళ్లే. వాళ్ల భాష మాట్లాడుతూ, వాళ్ల కాలువల్లో పారే నీటితో పంట పండిస్తూ, వాళ్ల నేతను నేస్తూ లక్షల మంది ఉన్న సంగతి ఆ ప్రశ్నల్లో ఎక్కడా లేదు. ఈ వారసత్వాన్ని ఈ రోజు నిలబెడుతున్నది ఎవరన్న ప్రశ్న అడగకుండా తిరిగివచ్చిన యాత్ర సగం యాత్రే అని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

పెరూలోని మాచు పిచ్చు దగ్గర మొదలుపెడదాం, అందరూ అక్కడికే వెళ్తారు కనుక. 1911 జులై 24న అమెరికా నుంచి వచ్చిన హైరమ్ బింగ్‌హామ్ అనే అధ్యాపకుడు ఆ కొండ ఎక్కాడు. ‘కనుమరుగైన నగరాన్ని కనుగొన్నవాడు’ అని పాఠ్యపుస్తకాల్లో పేరు తెచ్చుకున్నాడు. ఆయన స్వయంగా రాసుకున్న వృత్తాంతం తీసి చదివితే వేరే కథ కనిపిస్తుంది. కింద లోయలో ఉండే మెల్చోర్ ఆర్తేగా అనే రైతు ఆయనకు దారి చూపించాడు. ఆ పనికి ఒక వెండి సోల్ కూలి ఒప్పుకున్నాడు. అప్పటి రోజుకూలికి అది మూడు నాలుగింతలు. పైకి చేరేసరికి రిచార్తే, అల్వారెజ్ అనే ఇద్దరు రైతులు ఎదురొచ్చి సొరకాయ బుర్రల్లో చల్లటి నీళ్లిచ్చారు, ఉడకబెట్టిన చిలగడదుంపలు పెట్టారు. పన్నులు వసూలు చేసేవాళ్లూ, సైన్యంలోకి మనుషుల్ని పట్టుకుపోయేవాళ్లూ రాని చోటు కనుక ఆ కుటుంబాలు అక్కడ ఉంటున్నాయి. పాత మెట్ల పొలాల్ని శుభ్రం చేసుకుని పంటలు వేసుకుంటున్నాయి. ఒక చిన్న కుర్రవాడు బింగ్‌హామ్‌ను శిథిలాల మధ్యకు తీసుకెళ్లాడు. మూడు కిటికీల గుడి గోడ మీద అప్పటికే ఒక పేరు, 1902 అన్న సంవత్సరం బొగ్గుతో రాసి ఉన్నాయి. ఆ పేరు అగుస్తీన్ లిజార్రాగాది. ఆ లోయలోనే సేద్యం చేసుకునే మనిషి. బింగ్‌హామ్ ఆ పేరును తన నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాడు కూడా.

ఇంటి మనుషులు నీళ్లిచ్చి, తిండి పెట్టి, పెరడు చూపించారు. వచ్చిన అతిథి ఆ ఇంటిని తాను కనుగొన్నానన్నాడు. ఇది నూరేళ్ల కిందటి మాటగా వదిలేయలేం. ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికిన కుండలూ ఎముకలూ లోహపు వస్తువులూ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాయి. పెరూ వాటిని తిరిగి అడుగుతూ వచ్చింది. చివరికి 2010లో ఒప్పందం కుదిరి, 2011, 2012 సంవత్సరాల్లో అవి అక్కడి కుస్కో నగరానికి చేరాయి. ఇప్పుడు కాసా కొంచా అనే పాత భవనంలో, కుస్కో విశ్వవిద్యాలయం నడిపే మ్యూజియంలో ఉన్నాయి. కొండ మీద రోజూ వేలమంది తిరుగుతుంటే ఈ మ్యూజియం గదుల్లో జనం పలచగా ఉంటారు. కొండ ఎక్కే ముందు ఇక్కడ ఒక పూట గడపండి. ఆ కొండ మీద ఉన్న మనుషులు ఏం తిన్నారు, ఏ ఏ ప్రాంతాల నుంచి వచ్చారు అన్నది ఆ కుండలూ ఎముకలూ చెప్పినంతగా గోడలు చెప్పవు.

కొండ మీద అందరి కళ్లూ గోడల మీదే ఉంటాయి. అసలు గొప్పతనం కాళ్ల కింద ఉంది. అక్కడ ఏటా దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. రెండు శిఖరాల మధ్య సన్నటి మెడ మీద కట్టిన ఊరు. అంత వానకు ఎప్పుడో జారిపోవాల్సింది. కెన్నెత్ రైట్ అనే జలవనరుల ఇంజనీరు తన బృందంతో ఏళ్ల తరబడి పరిశీలించి తేల్చిందేమిటంటే, ఆ ఊరి నిర్మాణంలో సగానికి పైగా శ్రమ నేల కిందే ఉంది. పునాదులు, చదును చేసిన భరతు, వాన నీరు ఇంకిపోవడానికి చెక్కురాళ్ల పొరలు, నూటికి పైగా తూములు. ఊట దగ్గర నుంచి 749 మీటర్ల కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. అవి ఒకదాని కింద ఒకటిగా ఉన్న 16 జలధారల్లోంచి దిగుతాయి. పెద్ద చెరువు కట్టే ముందు అలుగు ఎక్కడ పెట్టాలో ఆలోచించే మన పాత మేస్త్రీలకు ఈ లెక్క వెంటనే అర్థమయ్యేది. 15వ శతాబ్దంలో పచాకుతి అనే రాజు కాలంలో కట్టిన ఈ ఏర్పాటు ఇప్పటికీ వాననీటిని బయటికి పంపుతూనే ఉంది. యునెస్కో 1983లో ఈ కొండను, కుస్కో నగరాన్ని ఒకేసారి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక కుస్కో. సముద్ర మట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. దిగగానే తల బరువెక్కుతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అక్కడివాళ్లు కోకా ఆకు వేసిన వేణ్ణీళ్లు ఇచ్చి కూర్చోబెడతారు. తొందరపడకుండా మొదటి రోజంతా గోడలు చూస్తూ మెల్లగా నడవడమే మంచిది. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయికి రాయి కూర్చిన తీరు చూస్తే సందు కనబడదు. తలుపులు కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటాయి. గోడలు కొంచెం లోపలికి వాలి ఉంటాయి. 1650లోనూ 1950లోనూ పెద్ద భూకంపాలు వచ్చాయి. ఇంకాల సూర్యాలయం కోరికాంచా గోడల మీద స్పెయిన్ వాళ్లు కట్టిన సాంతో దొమింగో మఠం 1950లో బాగా దెబ్బతింది. అది కూలిన చోట శతాబ్దాలుగా మూసుకుపోయిన ఇంకా గదులు బయటపడ్డాయి. పాత గోడలు చెక్కుచెదరలేదు.

ఈ గోడల్ని మనుషులు కట్టలేరని, ఆకాశం నుంచి ఎవరో దిగి వచ్చి కట్టారని చెప్పే వీడియోలు తెలుగులో కూడా చాలా వచ్చాయి. ఇక్కడున్న యువతకు గట్టిగా చెప్పదలచుకున్నాను: ఆ మాటలో పెద్ద అన్యాయం ఉంది. రోము కట్టడాల గురించి ఎవరూ అలా అనరు. ఆండీస్ పర్వతాల్లో రాళ్లు చెక్కిన వాళ్ల మునిమనవలు అదే వీధిలో బతుకుతుండగా వాళ్ల తాతల చేతుల్ని లేకుండా చేసే మాట అది. జాన్ పియెర్ ప్రోట్జెన్ అనే వాస్తుశిల్ప ఆచార్యుడు 1980లలో ఒల్లంటయ్‌టాంబో, కుస్కో పరిసరాల్లోని పాత క్వారీలకు వెళ్లి, అక్కడే పడి ఉన్న సుత్తిరాళ్లలాంటి నదీ గులకరాళ్లు తీసుకుని స్వయంగా బండలు చెక్కి చూశాడు. కొద్ది గంటల్లోనే ముఖం చదునైన రాయి తయారైంది. పై రాయి ఎలా కూర్చోవాలో చూసి కింది రాయిలో అంతే పల్లం దింపడమే ఆ కూర్పు రహస్యం. ఓపిక కావాలి, చాలామంది మనుషులు కావాలి. ఒల్లంటయ్‌టాంబోలో పైన నిలబెట్టిన గులాబీ రంగు బండలు నది అవతలి కచికాతా కొండ మీది క్వారీ నుంచి వచ్చాయి. లాగుతూ లాగుతూ దారిలో వదిలేసిన బండలు ఇప్పటికీ పొలాల మధ్య ఉన్నాయి. ఊరివాళ్లు వాటిని అలిసిపోయిన రాళ్లంటారు. మాచు పిచ్చు రైలు అక్కడ ఎక్కే యాత్రికులు చాలామంది ఆ ఊళ్లో ఓ గంట ఆగి వెళ్లిపోతారు. కనీసం ఓ రాత్రి ఉండండి. ఇంకాలు వేసిన వీధుల్లోనే, ఇంకాలు కట్టిన వాకిళ్ల వెనకే నేటికీ సంసారాలు నడుస్తున్న ఊరది. వీధి పక్కన కాలువలో నీళ్ల చప్పుడు రాత్రంతా వినబడుతుంది.

కుస్కోలో హతున్‌రుమియోక్ అనే సన్నటి వీధి ఉంది. పన్నెండు మూలల రాయి ఉన్న గోడ అక్కడిదే. పెరూ మహారచయిత హొసే మరియా అర్గెదాస్ 1958లో రాసిన ‘లోస్ రీయోస్ ప్రొఫుందోస్’ నవలలో ఒక కుర్రవాడు తండ్రితో కుస్కోకు వచ్చి రాత్రివేళ ఇంకా గోడను తడిమి చూస్తాడు. అతనికి ఆ రాళ్లలో ప్రాణం ఆడుతున్నట్టు తోస్తుంది. అర్గెదాస్ ఇంకాల భాష కెచువా మాట్లాడే పనివాళ్ల మధ్య పెరిగినవాడు. గోడను బయటి కంటితో చూడలేకపోయాడు. 2025 ఫిబ్రవరిలో ఒక వ్యక్తి ఆ పన్నెండు మూలల రాయిని సుత్తిలాంటి లోహపు వస్తువుతో కొట్టి పెచ్చులూడగొట్టాడు. ఆ వార్త చదివిన రోజు నా మనసు చాలా బాధపడింది.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. వారసత్వం మీద ప్రేమ ఉన్నవాళ్లు రాజ్యాన్ని పొగిడి ఊరుకుంటే అది చరిత్ర అనిపించుకోదు. తవంతిన్‌సుయు అని వాళ్లు పిలుచుకున్న ఆ మహారాజ్యం దాదాపు నూరేళ్లు మాత్రమే నిలిచింది. అది విస్తరించిన తీరు చాలా కఠినమైనది. ఎదురు తిరిగిన జాతుల్ని ఊళ్లకు ఊళ్లు లేపి వందల మైళ్ల దూరంలో దించేవారు. కఞారీలు, చచపోయాలు, వాంకాలు ఆ బరువు భరించలేకనే 1532 తర్వాత స్పెయిన్ సైన్యంతో చేతులు కలిపారు. మంచుకొండల శిఖరాల మీద పిల్లల్ని బలిచ్చారు. 1999లో అర్జెంటీనాలోని యుయైయాకో శిఖరం మీద దొరికిన ముగ్గురు పిల్లల దేహాలు ఐదు వందల ఏళ్ల చలిలో చెడకుండా ఉన్నాయి. సాల్తా నగరంలోని మ్యూజియంలో వాటిని ప్రదర్శనకు పెట్టడం సరైనదేనా అన్న చర్చ అక్కడి ఆదివాసీ సంఘాల్లో సాగింది. నేనైతే వాటిని చూడటానికి వెళ్లను. అది నా మనసుకు సంబంధించిన విషయం, ఎవరి మీదా రుద్దను.

ఇక నేను ఈ సభలో అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడాలనుకున్న చోటికి వస్తాను. కుస్కోకు దక్షిణంగా, కెవే అనే ఊరి దగ్గర అపురిమాక్ నది లోతైన గండి కోసుకుని పారుతుంది. ఆ గండి మీద గడ్డితో అల్లిన వంతెన ఒకటి వేలాడుతుంటుంది. పేరు కెస్వచాకా. పొడవు 28 మీటర్ల చిల్లర, వెడల్పు మీటరు పైన కొంచెం. ఇంకాల కాలంలో రాజ్యమంతటా ఇలాంటి వంతెనలు ఉండేవి. వాటి మీదుగానే పరుగు వార్తాహరులు అంచెలంచెలుగా కబుర్లు మోసేవారు, సైన్యం నడిచేది, లామా మందలు దాటేవి. గడ్డి తాడు ఎండకూ వానకూ ఏడాది, రెండేళ్లకు మించి ఆగదు. అందుకని ఆ వంతెనను ప్రతి ఏడాదీ జూన్ నెలలో కొత్తగా అల్లుతారు. వించిరి, చౌపిబండా, చొక్కాయ్‌వా, కొల్లానా కెవే అనే నాలుగు పల్లెలవాళ్లు కలిసి ఆ పని చేస్తారు.

ముందు ప్రతి ఇంటివాళ్లూ కొండ మీద కోయా అనే బిరుసు గడ్డి కోసుకొస్తారు. నానబెట్టి, రాళ్లతో కొట్టి మెత్తబరుస్తారు. ఆడవాళ్లు అరచేతుల మధ్య దాన్ని పేని సన్నటి తాళ్లు చేస్తారు. తన వంతు తాడు తేవడం ప్రతి ఇంటికీ బాధ్యత. మొదటి రోజు తెల్లవారకముందే క్రతువు తెలిసిన పెద్ద పచామామాకు, అంటే భూమితల్లికి, చుట్టూ ఉన్న కొండ దేవతలకూ నైవేద్యం సమర్పిస్తాడు. తర్వాత మగవాళ్లు రెండు జట్లుగా ఎదురెదురు నిలబడి సన్నటి తాళ్లను లాగుతూ, మెలిపెడుతూ, వాటిని కలిపి జడలాగా అల్లి తొడంత లావు మోకులు తయారు చేస్తారు. నడిచే అడుగుకు నాలుగు మోకులు, చేతిపట్టుకు రెండు. రెండో రోజు పాత వంతెనను కోసి నదిలోకి వదిలేస్తారు. అది గడ్డే కనుక నీళ్లు దాన్ని తీసుకుపోతాయి. కొత్త మోకుల్ని అవతలి ఒడ్డుకు దాటించి రాతి దిమ్మెలకు బిగిస్తారు. ఆ బిగింపులో ఊరి మొత్తం బలం కావాలి. మూడో రోజు వంతెన పనివాడు ఈ కొస నుంచి, ఇంకొకరు ఆ కొస నుంచి గాలిలో కూర్చుని ప్రక్కతాళ్లు అల్లుకుంటూ నడుమ కలుస్తారు. వాళ్ల కింద నది. నడుముకు తాడు కట్టుకోరు. నాలుగో రోజు పండగ. ఆటా పాటా చిచా కల్లు.

పక్కనే బండ్లు వెళ్లే ఇనుప వంతెన ఉంది. నది దాటడానికి ఎవరికీ ఈ గడ్డి వంతెన అవసరం లేదు. ఈ సంగతి తెలిసిన యాత్రికులు కొందరు, అయితే ఇది యాత్రికుల కోసం పెట్టిన ప్రదర్శనేనా అని అడుగుతారు. ఆ మాటతో నేను ఏకీభవించను. నాలుగు పల్లెలవాళ్లు ఏడాదికోసారి ఒకరి తాడును ఇంకొకరు లాగి చూస్తారు. ఎవరి ఇల్లు తాడు తేలేదో తెలుస్తుంది, ఏ ముసలాయనకు చూపు తగ్గిందో తెలుస్తుంది, ఏ పిల్లవాడికి మెలి పట్టుబడిందో తెలుస్తుంది. ఒకరికొకరు పని బదులిచ్చుకునే ఐని అనే కట్టుబాటు అక్కడి పొలం పనులన్నిటికీ ఆధారం. నాట్లప్పుడు మన పల్లెల్లో బదులుపనికి వెళ్లడం మీలో పెద్దవాళ్లకు తెలుసు. వంతెన అల్లడం ఆ కట్టుబాటును మొత్తం సమాజం సమక్షంలో మళ్లీ రాసుకోవడం. 2013లో యునెస్కో ఈ పనితనాన్ని వారసత్వంగా గుర్తించినప్పుడు అల్లే విద్యనూ, ఆ క్రతువునూ గుర్తించింది. రాయిలా నిలబడేది ఏదీ అందులో లేదు. కరోనా మూలంగా 2020లో ఊళ్లవాళ్లు కూడలేకపోయారు. పాతబడిన వంతెన 2021లో తెగి పడిపోయింది. అదే ఏడాది జూన్‌లో మళ్లీ చేరి, గడ్డి కోసి, కొత్త వంతెన వేశారు. చూడబోయేవాళ్లు జూన్ రెండో వారాన్ని దృష్టిలో పెట్టుకుని వెళ్లండి. పని చేసేచోట దూరంగా నిలబడమంటే దూరంగా నిలబడండి. అల్లిక జరిగే చోటికి ఆడవాళ్లు రాకూడదన్న నియమం కూడా ఉంది. నాకది నచ్చలేదు. కానీ దాన్ని మార్చాల్సింది అక్కడి ఆడవాళ్లూ మగవాళ్లూనే.

వంతెన ఒక్కటే కాదు, ఆ దారులన్నీ అంతే. ఖపాక్ ఞాన్ అనే ఇంకాల మహామార్గం నేటి అర్జెంటీనా, బొలీవియా, చిలీ, కొలంబియా, ఈక్వడార్, పెరూ దేశాల మీదుగా దాదాపు 30,000 కిలోమీటర్లు సాగేదని అంచనా. 2014లో ఆరు దేశాలూ కలిసి దాన్ని యునెస్కో జాబితాలో చేర్పించాయి. దారి పొడవునా తాంబో అనే సత్రాలుండేవి. వాటిలో తిండిగింజలు, బట్టలు నిలవ ఉండేవి. ఎక్కడెంత నిలవ ఉందన్నది కిపు అనే ముడుల తాళ్లలో లెక్క కట్టేవారు. ఆ ముడుల్లో పదుల లెక్కింపు ఉందని, ముడి లేని చోటు సున్నా అని అమెరికన్ పరిశోధకుడు లేలాండ్ లాక్ 1912లో నిరూపించాడు. ముడుల్లో కథలూ పేర్లూ కూడా ఉన్నాయా అన్నది పండితులు ఇప్పటికీ వెతుకుతున్నారు. మిగిలిన కిపుల్లో చాలా భాగం బెర్లిన్ లాంటి దూరపు నగరాల మ్యూజియాల్లో ఉంది. లీమాకు ఎగువన తుపికోచా అనే పల్లెలో మాత్రం పాత కిపుల్ని ఊరి పెద్దల పదవుల గుర్తుగా కొత్త సంవత్సరం సభలో ఇప్పటికీ బయటికి తీస్తారు. ఆ ముడులు చదవడం వాళ్లకూ రాదు. అయినా దాచుకున్నారు, మర్యాద ఇస్తున్నారు. మన ఇళ్లల్లో ఎవరూ చదవలేని తాటాకు కట్టల్ని పూజగదిలో పెట్టుకున్న కుటుంబాలు ఈ సభలోనూ ఉండే ఉంటాయి.

చించెరో అనే ఊరి నేతగాళ్ల గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. 1970ల నాటికి అక్కడి యువతులు అమ్మమ్మల నమూనాలు మరిచిపోతూ, కొనుక్కున్న రంగు దారాల వైపు వెళ్లిపోతున్నారు. ఆ ఊరి నేతగత్తె నిల్దా కయాఞావుపా, తోటివాళ్లతో కలిసి 1996లో కుస్కోలో సంప్రదాయ నేత కేంద్రాన్ని స్థాపించారు. ముసలమ్మల దగ్గర కూర్చుని ఒక్కో ఊరి నమూనా ఒక్కో పేరుతో సహా నేర్చుకున్నారు. నాగజెముడు మీద పెరిగే పురుగు నుంచి ఎరుపు, చిల్కా ఆకుల నుంచి ఆకుపచ్చ తీసి ఉన్ని అద్దడం పిల్లలకు నేర్పించారు. మగ్గం ఒక కొస నేలలో గుంజకు, రెండో కొస నేసే మనిషి నడుముకు కట్టి ఉంటుంది. ఒక్కో గుడ్డకు వారాలు, నెలలు పడతాయి. కుస్కో బజారులో యంత్రం మీద నేసిన చవక శాలువాలు చేతినేత పేరుతో అమ్ముతుంటారు. పోచంపల్లి చీర పేరుతో ముద్ర వేసిన గుడ్డ అమ్మితే మన నేతగాడికి ఏం జరుగుతుందో తెలిసినవాళ్లం. నేసినవాళ్ల పేరు రాసి ఉన్న గుడ్డను, అడిగిన ధరకు కొనండి. బేరం ఆడకండి.

కుస్కోను, మాచు పిచ్చునూ ప్రపంచానికి ఫొటోలుగా అందించినవాళ్లలో మొదటి వరసలో ఉన్నవాడు మార్తీన్ చాంబి. 1891లో పూనో ప్రాంతంలోని కోవాసా అనే ఊళ్లో కెచువా మాట్లాడే పేద రైతు కుటుంబంలో పుట్టాడు. బంగారు గని కంపెనీ ఫొటోగ్రాఫర్ల కెమెరా చూసి ఆ పనికి ఆకర్షితుడయ్యాడు. 1920లలో కుస్కో చేరి అక్కడ స్టూడియో పెట్టాడు. పెళ్లిళ్లు, భూస్వాములు, పోలీసులు, చెప్పులు లేని రైతులు, అందరూ ఆయన గాజు పలకల మీదికి ఒకే వెలుగులో ఎక్కారు. మాచు పిచ్చు ఫొటోల్లో కూడా ఆయన రాళ్లను ఖాళీగా వదల్లేదు. చాలా చోట్ల మనుషులుంటారు. కుస్కో వెళ్లేవాళ్లు ఆయన ఫొటోలు ముందుగా చూడండి.

ఇంతి రైమీ అనే సూర్యోత్సవం గురించి రెండు మాటలు. స్పెయిన్ పాలకులు దాన్ని 16వ శతాబ్దంలో నిషేధించారు. ఇంకా రాకుమారికీ స్పెయిన్ సేనానికీ 1539లో కుస్కోలో పుట్టిన గార్సిలాసో దె లా వేగా ఇరవై ఏళ్ల వయసులో ఊరు వదిలి వెళ్లి, మళ్లీ తిరిగి రాలేదు. స్పెయిన్‌లో ముసలితనంలో, తల్లివైపు బంధువులు చెప్పిన మాటలు జ్ఞాపకం తెచ్చుకుంటూ పుస్తకం రాశాడు. 1609లో అచ్చయిన ఆ పుస్తకంలో పండగ వర్ణన ఉంది. 1780లో స్పెయిన్ పాలన మీద రెండో తుపాక్ అమారు తిరుగుబాటు చెలరేగింది. ఆయన్నూ, ఆ పోరాటాన్ని ముందుండి నడిపిన ఆయన భార్య మికాయెలా బస్తీదాస్‌నూ 1781లో కుస్కో కూడలిలో చంపేశారు. ఆ తర్వాత గార్సిలాసో పుస్తకాన్నీ, ఇంకా దుస్తుల్నీ, కెచువా నాటకాల్నీ నిషేధించారు. 1944లో కుస్కో రచయితలు, కళాకారులు ఆ పుస్తకం ఆధారంగానే కెచువా భాషలో పండగను మళ్లీ మొదలుపెట్టారు. అప్పటి నుంచి జూన్ 24న జరుగుతోంది. టికెట్ కొన్న విదేశీయులు సక్సాయ్‌వామన్ కోట మైదానంలో కుర్చీల మీద కూర్చుంటారు. ఊరి జనం అన్నాలు కట్టుకొచ్చి చుట్టూ కొండవాలు మీద కూర్చుంటారు. వీలైతే మీరూ కొండవాలు మీదే కూర్చోండి.

మనకూ ఆ నేలకూ మధ్య నిజమైన చుట్టరికం ఒకటుంది. అది ఆలుగడ్డ. కోస్తాలో బంగాళాదుంప అన్నా, రాయలసీమలో ఉర్లగడ్డ అన్నా, దాన్ని వేల ఏళ్ల కిందట మచ్చిక చేసింది టిటికాకా సరస్సు పరిసరాల ఆండీస్ రైతులు. పిసాక్ ఊరి పైన కొండ పల్లెలు కలిసి ‘ఆలుగడ్డల వనం’ పేరుతో వెయ్యికి పైగా రకాలు సాగుచేస్తున్నాయి. ఊదా, నలుపు, ఎరుపు, పైనాపిల్ పండులా గడ్డలు గడ్డలుగా ఉన్నవి. కొన్నేళ్ల కిందట పోయిన రకాలను లీమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం నుంచి వాళ్లు తిరిగి తెచ్చుకున్నారు. జూన్ రాత్రుల గడ్డకట్టే చలిలో గడ్డల్ని పరిచి, పగలు ఎండలో కాళ్లతో తొక్కి నీరు పిండేసి, చుఞో చేసుకుంటారు. అది ఏళ్ల తరబడి పాడవదు. ఇంకాల గిడ్డంగుల్లో ఇదీ ఉండేది. ఇప్పుడు వేడి పెరుగుతున్న కొద్దీ ఆ గడ్డలు బాగా పండే చోటు కొండ పైకి పైకి జరుగుతోంది. కొండకు శిఖరం ఉంది, పైన పొలం లేదు. మంచు సంగతీ అంతే. కొయ్యుర్ రిత్తి అనే తీర్థయాత్రలో ఎలుగు వేషం వేసుకున్న ఉకుకులు హిమనదం మీదికి ఎక్కి మంచుగడ్డలు కోసి వీపున మోసుకొచ్చి మందుగా పంచేవారు. మంచు కరిగి వెనక్కి పోతుండటం చూసి వాళ్లే తమంతట తాము కోయడం మానేశారు. ఆ వేడిలో ఆ పల్లెలవాళ్ల వంతు చాలా తక్కువ. విమానాల్లో వెళ్లి చూసేవాళ్ల వంతు అంతకన్నా ఎక్కువ. ఆ మాటను ఈ సభలో దాచుకోలేను.

చివరగా బరువు మోసేవాళ్లు. కాలిబాటన మాచు పిచ్చు చేరే ‘ఇంకా బాట’ మీద 4,215 మీటర్ల ఎత్తున్న కనుమ దాటాలి. రోజుకు 500 మందినే పంపుతారు. అందులో సగానికి పైగా మోతగాళ్లూ, వంటవాళ్లూ, దారి చూపేవాళ్లే. వాన ఎక్కువగా ఉండే ఫిబ్రవరిలో బాట మరమ్మతు కోసం మూసేస్తారు. ఒకప్పుడు మోతగాళ్లు 40, 50 కిలోల బరువు మోసేవారు. 2001లో పెరూ చట్టం తెచ్చి ఒక్కొక్కరు మోసే బరువును 20 కిలోలకు పరిమితం చేసింది. బాట మొదట్లో తూకం వేస్తారు. తూకం దాటాక సామాన్లు చేతులు మారడం నేను కళ్లారా చూశాను. మీలో ఎవరైనా ఆ బాట పట్టేముందు మిమ్మల్ని తీసుకెళ్లే సంస్థను అడగండి: మోతగాడికి రోజుకు ఎంత ఇస్తున్నారు, రాత్రి అతను ఎక్కడ పడుకుంటాడు, చెప్పులూ వానకోటూ ఎవరిస్తారు. సమాధానం సూటిగా రాకపోతే ఇంకో సంస్థ దగ్గరికి వెళ్లండి. కెచువా మాట్లాడే గైడ్‌ను కోరండి. 2017 జనాభా లెక్కల్లో పెరూలో 38 లక్షల మంది ఆ భాషను తమ తల్లిభాషగా రాయించుకున్నారు. అధికార భాషగా 1975లోనే గుర్తింపు వచ్చింది. బాట మీద మీ ముందు పరిగెత్తి గుడారం వేసే మనిషి ఆ భాషలోనే తన ఇంటి సంగతులు చెప్తాడు.

మన తెలుగు పిల్లలు అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి ఇప్పుడు పెరూ వెళ్లివస్తున్నారు. వాళ్లను నేను అడిగేది ఒక్కటే: ఫొటోలతో పాటు తెలుగులో నాలుగు పేజీలు రాయండి. మీకు నీళ్లిచ్చినవాళ్ల పేరు, సామాను మోసినవాళ్ల ఊరు, వాళ్ల పొలంలో ఏం పండుతోంది, వాళ్లు ఒప్పుకుంటే రాయండి. మాస్టారి గ్రంథాలయంలో యాత్రల అలమరలో వీరాస్వామయ్య గారి పుస్తకం పక్కన వాటిని పెట్టడానికి ఆయన కుటుంబం అంగీకరించింది. వచ్చే ఏడాది ఈ రోజుకల్లా కొన్ని చేరితే, ఈ వేదిక మీద వాటిని చదివించాలని నిర్వాహకులను కోరుతున్నాను.